తల్లిపిట్టకూ విశ్రాంతి కావాలి

టోలిచౌకి గోల్కొండ కోటకు దగ్గర. ఒక పక్క మెహదీపట్నం. ఇంకో పక్క షేక్‌పేట, ఫిల్మ్ నగర్. అక్కడ ఒక చిన్న ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో అత్తా కోడళ్లు మేడ మీద జాలీతో పెద్ద గూడు కట్టించారు. అందులో లవ్ బర్డ్స్ పెంచుతున్నారు. పిల్లలను అమ్మితే ఇంటి ఖర్చుకు నాలుగు డబ్బులు వస్తాయని వాళ్ల ఆశ. ఆ ఆశ తీరాలంటే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఇవి ఎక్కడి పిట్టలు?

మనం లవ్ బర్డ్స్ అని పిలిచే ఈ చిన్న చిలకల అసలు పేరు బడ్జీలు. వీటి సొంత దేశం ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆయన వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. తర్వాత అన్ని దేశాలకూ వచ్చాయి. మన హైదరాబాదులో చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ ఎన్నో ఏళ్లుగా పక్షుల అంగడిగా పేరు పడింది.

ఒక మాట మరిచిపోవద్దు. బడ్జీలను పెంచవచ్చు. కాని మన రామచిలకను, మైనాను పట్టి పంజరంలో పెట్టకూడదు. కొనకూడదు, అమ్మకూడదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం.

జోడీ ఎట్లా కుదురుతుంది?

ముందు ఆడ, మగ గుర్తు పట్టాలి. పిట్ట ముక్కు పైన, రంధ్రాల చుట్టూ మెత్తని చర్మం ఉంటుంది. పెద్దయిన మగపిట్టకు అది నీలంగా ఉంటుంది. ఆడపిట్టకు గోధుమ రంగులో ఉంటుంది. ఒళ్లంతా పసుపుగానో తెల్లగానో ఉండే కొన్ని మగపిట్టలకు మాత్రం అది గులాబి రంగులో ఉంటుంది.

"ఒక మగదాన్ని, ఒక ఆడదాన్ని తెచ్చి పంజరంల వేస్తే అయిపోదా అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

"అట్ల కాదు బిడ్డా. వాటికి కూడా మనసు కలవాలె" అన్నది అత్త.

అత్త మాట నిజమే. జర్మనీలో శాస్త్రవేత్తలు జీబ్రా ఫించ్ అనే పిట్టలతో ఒక పరీక్ష చేశారు. కొన్ని పిట్టలను తమకు నచ్చిన తోడుతో ఉండనిచ్చారు. కొన్నిటికి శాస్త్రవేత్తలే జోడీ కట్టారు. ఆ ఫలితం 2015లో బయటికి వచ్చింది. నచ్చిన తోడు దొరికిన జోడీల దగ్గర పిల్లలు నూటికి 37 చొప్పున ఎక్కువగా బతికాయి. అంటే ఒక చోట 100 పిల్లలు బతికితే, ఇంకో చోట 137 బతికాయన్నమాట.

అందుకే కొన్ని పిట్టలను పెద్ద గూట్లో కలిపి వదలాలి. కుదిరిన జోడీ పక్కపక్కనే కూచుంటుంది. ఒకదాని తల ఈకలు ఇంకొకటి దువ్వుతుంది. మగది ఆడదాని నోటికి మేత అందిస్తుంది. అన్నాచెల్లెళ్లు అయిన పిట్టలను మాత్రం జోడీ కానివ్వద్దు. ఏడాది నిండని పిట్టకు గుడ్లు పెట్టే కుండ ఇవ్వవద్దు.

కుండ, గుడ్లు, మేత

పక్కన రంధ్రం ఉన్న మట్టి కుండ వీటికి మంచి గూడు. నాలుగు జోడీలు ఉంటే ఆరు కుండలు కట్టాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే కుండ కోసం ఆడపిట్టలు కొట్టుకుంటాయి.

ఆడపిట్ట రోజు విడిచి రోజు ఒక గుడ్డు పెడుతుంది. సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు. గుడ్డు పిల్ల కావడానికి సుమారు 18 రోజులు పడుతుంది. పొదిగేది ఆడదే. దానికి మేత తెచ్చిపెట్టేది మగది.

కొర్రలు మంచి మేత. పాలకూర, కొత్తిమీర కడిగి ఇవ్వాలి. సున్నం బలం కోసం సముద్రపు నురుగు ముక్క జాలీకి కట్టాలి. మంచినీళ్లు రోజూ మార్చాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుంది. వంటగది పక్కన వాటిని ఉంచవద్దు. గూడు ఊడ్చేటప్పుడు మన ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఆశకు హద్దు

పిల్లలు అమ్ముడుపోతే ఇంకా కావాలనిపిస్తుంది. కుండ తీయకపోతే ఆడపిట్ట మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. దాని ఒంట్లో సున్నం తరిగిపోతుంది. అప్పుడు గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుంటుంది. పిట్ట ఈకలు ఉబ్బించుకుని కింద కూచుంటుంది. ముక్కుతుంది. వెంటనే దాన్ని వెచ్చగా ఉంచి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పొట్ట నొక్కవద్దు. గుడ్డు లోపల పగిలితే పిట్ట చచ్చిపోతుంది.

"మనిషికైనా కాన్పుకూ కాన్పుకూ ఎడం ఉండాలె. లేకుంటే తల్లి కోలుకోదు. పిట్ట నోరు తెరిచి చెప్పలేదు గద బిడ్డా" అన్నది అత్త.

ఏడాదికి రెండుసార్లు పిల్లలు చేస్తే చాలు. తర్వాత కుండలు తీసేయాలి. ఏప్రిల్, మే ఎండల్లో కుండలు అసలే పెట్టవద్దు.

నోటుబుక్కు రాయండి

ఇవన్నీ గుర్తు పెట్టుకోవడం కష్టం. రాసుకుంటే సులువు. ఇట్లా రాయవచ్చు:

కుండ నంబరు: 3
మొదటి గుడ్డు: నవంబర్ 1
మొదటి పిల్ల: నవంబర్ 19
పిల్ల గూడు విడిచింది: డిసెంబర్ 24
ఈ ఏడాది ఎన్నోసారి: 2
కుండ తీసిన రోజు: ...........

చివరి గీత మీద తేదీ రాసిన చెయ్యి ఒక తల్లిపిట్టను బతికించినట్టే.

జవాబులు రాయండి

1. జోడీ కుదిరిందని ఎట్లా తెలుస్తుంది?
2. ఒక పిట్ట నవంబర్ 1 నుంచి రోజు విడిచి రోజు 5 గుడ్లు పెట్టింది. ఐదో గుడ్డు ఏ తేదీన పెట్టింది? దాని పిల్ల సుమారుగా ఏ తేదీన వస్తుంది?
3. కాన్పుల మధ్య ఎడం ఎందుకు ఉండాలి? మీ ఇరుగు పొరుగు వాళ్లతో మాట్లాడండి.