లారీ నేర్పించడానికి అప్పు చేసే ముందు, అక్కా

"పిల్లోడు హెవీ లైసెన్సు తీస్తానంటున్నాడక్కా, ఫీజు ఎట్ల కట్టేది?" అని అడిగే అమ్మలకు, అక్కలకు నేను ముందు చెప్పే మాట ఒకటుంది. ఆ ఫీజు ఈ నెలలోనే కట్టాల్సిన పని లేదు. చట్టమే మీ చేతికి ఏడాది గడువు ఇచ్చింది. ఆ ఏడాదిని సరిగ్గా వాడుకుంటే అప్పు సగానికి సగం తగ్గుతుంది, కొన్ని ఇళ్లలో అసలు అవసరమే పడదు.

పిల్లోడి ఆలోచన తప్పని నేననను. మన రామగిరిలో బంగారు గని మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. చెనక్కాయ పంట వాన దేవుడి దయ. అదే 44వ నంబరు హైవే మీదికి పోయి చూడండి, పగలూ రాత్రీ బండ్లే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారు కావడం మొదలైనప్పటి నుంచి కార్లు మోసే పొడుగాటి ట్రైలర్లు కూడా ఆ రోడ్డెక్కాయి. మన కొండల మీద తిరిగే గాలిమరల రెక్కలు కూడా ట్రైలర్ల మీద వచ్చినవే కదా. స్టీరింగ్ పట్టడం వచ్చినోడికి మన వైపు పని ఉంటుంది.

ఇప్పుడు ఆ ఏడాది సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైట్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండితేనే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునే లైసెన్సు, ఇస్తారు. రవాణా బండి తోలాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. చాలామంది ఈ సంగతి తెలియక ముందే హెవీ ఫీజు కోసం వడ్డీకి తెచ్చేస్తారు, పిల్లోడు లైట్ లైసెన్సు దగ్గరే ఆగిపోయి ఉంటాడు. వడ్డీ మాత్రం ఆగదు. ఇంకో మంచి మాట, ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లో తీసేశారు. బడి మధ్యలో మానేసిన పిల్లలకు ఇది పెద్ద ఊరట.

ఆ ఏడాది పిల్లోడు ఖాళీగా కూర్చోవాలా? అక్కర్లేదు. బండీ సరుకూ కలిపి 7,500 కిలోలు మించని రవాణా బండిని లైట్ లైసెన్సుతోనే తోలొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. అంటే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి. ధర్మవరం చీరల మూటలు, హిందూపురం మార్కెట్‌కు పోయే చింతపండు, టమోటా బాక్సులు ఎక్కేది ఇట్లాంటి బండ్లలోనే. జీతం తక్కువైనా ఆ ఏడాది వాడు రోడ్డు నేర్చుకుంటాడు, వెనక్కి తీయడం, లోడు కట్టడం, రాత్రి తోలడం అలవాటవుతాయి. నెలనెలా కొంత పొదుపులో వేస్తే హెవీ ఫీజు అక్కడే పోగవుతుంది. లైట్ లైసెన్సుకు కూడా డబ్బు లేదంటారా, బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలైన ఆర్‌సెటీల్లో శిక్షణ, తిండి, బస అన్నీ ఉచితం. లైట్ మోటారు డ్రైవింగ్ బ్యాచ్ ఎప్పుడు పెడుతున్నారో అడగండి.

అయినా అప్పు తప్పదనుకుందాం. ముప్పై వేలు కావాలనుకోండి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు తొమ్మిది వందలు, ఏడాదికి పదివేల ఎనిమిది వందలు. అసలు అట్లనే ఉంటుంది. అదే ముప్పై వేలు బ్యాంకులో నగ కుదువ పెట్టి ఏడాదికి తొమ్మిది శాతానికి తెస్తే వడ్డీ రెండు వేల ఏడు వందలు. మహిళా సంఘాలకు మూడు లక్షల దాకా ఏడు శాతానికి బ్యాంకు లింకేజీ రుణం ఇచ్చే ఏర్పాటు ఉంది. అందులో మీ వాటాగా ముప్పై వేలు వస్తే వడ్డీ రెండు వేల నూరు. లెక్క మీ కళ్ల ముందుంది. నేనైతే సంఘం దగ్గరికే పొమ్మంటాను. ఒకటే షరతు, డబ్బు దేనికో సంఘంలో దాచకుండా చెప్పండి. వాయిదా తప్పితే పక్కింటి వదిన కూడా మీతో పాటు ఇబ్బంది పడుతుంది.

నైపుణ్య రుణాలని బ్యాంకుల్లో ఇంకోటి ఉంది. 2024లో దాని హద్దు లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు. అయితే గుర్తింపు ఉన్న కోర్సుకే ఇస్తారు. వీధి చివరి డ్రైవింగ్ స్కూలుకు వస్తుందో రాదో ఫీజు కట్టకముందే మేనేజరును అడగాలి. ముద్రా రుణం ఫీజు కోసం కాదు, రేపు సొంత బండి కొనేటప్పుడు చూసుకునేది.

ఇక ఓనరే ఫీజు కట్టి జీతంలో పట్టుకుంటానంటాడు చూడండి, అక్కడ నాకు గుండె దడ. అమెరికాలో కూడా ట్రక్కు కంపెనీలు శిక్షణ ఖర్చు పెట్టుకుని, ఇంతకాలం మా దగ్గరే పని చేయాలని రాయించుకుంటాయి. అక్కడ కాగితం ఉంటుంది. మన దగ్గర నోటి మాట. ఎంత కట్టాడు, నెలకు ఎంత పట్టుకుంటాడు, ఎప్పటికి తీరుతుంది, ఈ మూడూ రాయించుకోండి. లైసెన్సు అసలు కాపీ మాత్రం ఓనరు బీరువాలో పెట్టనివ్వొద్దు. అది మీవాడి చేతులూ కాళ్లూ.

వెనకటి రోజుల్లో క్లీనరుగా ఎక్కి, బత్తాతో బతికి, టైర్లు మార్చి, గురువు దయ ఉంటే ఖాళీ రోడ్డులో స్టీరింగ్ పట్టేవాళ్లు. ఫీజు లేదు నిజమే. ఎన్ని ఏళ్లు పోయేవో తలుచుకుంటే అదే పెద్ద ఫీజు. అందుకే డ్రైవింగ్ బడి మేలు అంటున్నాను, కాని బడిని కూడా చూసి ఎంచుకోవాలి. ప్రభుత్వం గుర్తించిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలుండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. మీరు అడిగే స్కూలు వాళ్లు పది రోజుల్లో అయిపోతుందంటే, స్టీరింగ్ వీడి చేతిలో ఎన్ని గంటలుంటుందో అడగండి. ఎల్‌ఎల్‌ఆర్, టెస్టు బండి, టెస్టు ఖర్చు ఫీజులోనేనా అని అడగండి. మొత్తం ఒకేసారి కట్టకండి. టెస్టు లేకుండా లైసెన్సు తెచ్చిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. లోడు బండి బ్రేకు తెలియని పిల్లోణ్ణి హైవే మీదికి పంపి, రాత్రి మీకు నిద్ర ఎట్ల పడుతుంది చెప్పండి? వీటన్నిటికంటే ముందు కంటి పరీక్ష చేయించండి. రవాణా లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఫీజు కట్టాక చూపు చాలదని తెలిస్తే ఆ బాధ చెప్పతరం కాదు.

ఆర్టీసీ వాళ్లు కూడా హెవీ డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతున్నారు. నేర్పేవాళ్లు బస్సులు తోలి పండినవాళ్లు, నేర్చుకునేది నిజమైన బస్సు మీద. ధర్మవరం, హిందూపురం డిపోల్లో బ్యాచ్ ఉందా, ఉంటే ఎప్పుడు, ఫీజు ఎంత అని కనుక్కోండి. డ్రైవింగ్ శిక్షణ గురించి ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల ప్రకటనలు కూడా చూస్తుండండి.

మరి ఇంట్లో ఆడపిల్ల నేర్చుకుంటానంటే? చట్టంలో ఎక్కడా అడ్డు లేదు. అప్పటి నల్గొండ జిల్లా తండాలో పుట్టిన సరిత ఊళ్లో ఆటో నడిపి, 2015లో ఢిల్లీ ఆర్టీసీలో మొట్టమొదటి మహిళా బస్సు డ్రైవరు అయింది. 2025లో తెలంగాణ ఆర్టీసీకి వచ్చి అక్కడా తొలి మహిళా డ్రైవరు అయింది. ఆమెది కూడా చిన్న బండి నుంచి పెద్ద బండికి ఎక్కిన దారే. కాబట్టి లైట్ లైసెన్సుకు తమ్ముడి పేరు రాసేటప్పుడు, చెల్లెలి పేరు కూడా రాయాలా అని ఆ చెల్లెలినే ఒక మాట అడగండి.