ఫోటో పోటీలు: పాల్గొనే పద్ధతి, తీర్పు చెప్పే పద్ధతి

హాస్టల్ వార్షికోత్సవం అంటే వ్యాసరచన, వక్తృత్వం, పాటలు, కబడ్డీ పోటీలు ఉంటాయి. ఇప్పుడు చాలామంది ఇళ్ళలో సెల్‌ఫోన్ ఉంది కాబట్టి ఫోటో పోటీ కూడా పెట్టుకోవచ్చు. అయితే కబడ్డీలో ఎవరు అవుటో గీత చెబుతుంది. ఫోటోకు అలాంటి గీత లేదు. అందుకే కెమెరా క్లబ్బులు ఈ పోటీలను నడిపే పద్ధతిలో మనకు పనికివచ్చే విషయాలను ఇక్కడ రాస్తున్నాము.

మనదేశంలో 1854లోనే బొంబాయిలో ఫోటోగ్రఫీ సంఘం ఏర్పడింది. దేశంలోని క్లబ్బులను కలుపుతూ 1953లో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ ఏర్పడింది. క్లబ్బు పోటీలో సభ్యుల ఫోటోలను పేర్లు చెప్పకుండా చూపిస్తారు. న్యాయనిర్ణేత ఒక్కొక్క ఫోటోలోని మంచిచెడ్డలు చెప్పి మార్కులు వేస్తారు. అందువల్ల ఓడిపోయినవారు కూడా ఏదో ఒకటి నేర్చుకొని ఇంటికి వెళతారు.

పాల్గొనేవారు గుర్తుంచుకోవలసినవి:

1. ముందు నియమాలు చదవాలి. ప్రకృతి విభాగానికి పెళ్ళి ఫోటో పంపితే అది ఎంత బాగున్నా లాభం లేదు.

2. ఫోటో మీద పేరు రాయకూడదు.

3. మనం పడ్డ కష్టం నిర్ణేతకు కనిపించదు. తెల్లవారుజామున లేచి మూడు కిలోమీటర్లు నడిచి తీసినా, ఆయన ముందు ఉండేది ఫోటో ఒక్కటే. అందుకే పంపేముందు ఆ కష్టం తెలియని స్నేహితుడికి చూపించాలి. అతని కన్ను మొదట ఎక్కడికి వెళ్ళిందో అడగాలి.

4. మోసం చేయకూడదు. వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫోటోకు 2010లో బహుమతి రద్దు చేశారు. అది అడవి తోడేలు కాదు, మచ్చికచేసిన తోడేలు అయివుంటుందని నిర్ణేతలు తేల్చారు. 2023లో సోనీ ప్రపంచ పోటీలో ఒక విభాగంలో గెలిచిన బోరిస్ ఎల్డాగ్సెన్, అది కృత్రిమ మేధతో చేసిన బొమ్మ అని తానే చెప్పి బహుమతి వద్దన్నారు. ఇలాంటి బొమ్మలు వస్తే ఎదుర్కోవడానికి పోటీలు సిద్ధంగా ఉన్నాయా అని పరీక్షించడమే తన ఉద్దేశమని చెప్పారు.

ఇక తీర్పు సంగతి. ముగ్గురు నిర్ణేతలు ఉంటే మార్కులు కూడితే సరిపోతుందని అనుకొంటాము. ఒక లెక్క చూడండి. మొదటి ఫోటోకు ముగ్గురూ 7, 7, 2 వేశారు. మొత్తం 16. రెండవ ఫోటోకు 6, 6, 6 వేశారు. మొత్తం 18. ముగ్గురిలో ఇద్దరికి మొదటిదే నచ్చింది, అయినా రెండవది గెలిచింది! ఒక్కరి 2 మార్కులు ఇద్దరి మాటను తోసేశాయి. అందుకే మార్కులు వేయకముందు ఫోటోలన్నీ ఒకసారి చూడాలి. మార్కులతో చివరి ఐదారింటిని ఎంపిక చేసుకొని, ఆ తరువాత మార్కులు పక్కనపెట్టి ముగ్గురూ మాట్లాడుకొని తేల్చాలి. తన ఊరి ఫోటో, తనకు తెలిసినవారి ఫోటో వస్తే నిర్ణేత ఆ మాట ముందే చెప్పాలి. "బాగాలేదు" అని ఊరుకోకుండా, ఎందుకు బాగాలేదో చెప్పాలి.

చివరగా అన్నింటికంటే ముఖ్యమైన మాట. ఫోటో పోటీల్లో చిరిగిన చొక్కా పిల్లవాడు, ముడతలు పడ్డ ముసలమ్మ ముఖం తరచుగా కనిపిస్తాయి. చూసేవారు అయ్యో అంటారు, బహుమతి తీసినవారికి పోతుంది. ఆ పిల్లవాడు మన తమ్ముడు కావచ్చు. ఆ ముసలమ్మ మన నాయనమ్మ కావచ్చు. సంక్షేమ హాస్టల్లో చదివే మనకు ఎదుటివారి జాలి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి కెమెరా మన చేతికి వచ్చినప్పుడు ముందు అడిగి ఫోటో తీద్దాం. తీసినది వారికి చూపిద్దాం, వీలైతే ఒక కాపీ ఇద్దాం. నాట్లు వేసే అమ్మలో అలసటే కాదు, ఆమె చేతి నేర్పు కూడా కనిపించేలా తీద్దాం.

తీర్పు చెప్పే స్థానంలో కూర్చొన్న రోజున ఈ ఒక్క ప్రశ్న వేసుకొందాం: ఫోటోలో ఉన్న మనిషి దీనిని గోడ మీద చూస్తే తల ఎత్తుకొంటుందా, దించుకొంటుందా? ఈ ప్రశ్నకు మార్కుల కాగితంలో గడి ఉండదు. మన హాస్టల్ పోటీలో మాత్రం ఆ గడి మనమే గీద్దాం.