రెండేళ్ల సూరత్ కాపురానికి ఏ ప్రింటర్?

సమస్య

భర్తకు సూరత్ పాండేసరలోని బట్టల ప్రాసెసింగ్ మిల్లులో రెండేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం. లింబాయత్‌లో అద్దె ఇల్లు, సొంతూరు వరంగల్ దగ్గర. భార్య ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది. మున్సిపల్ తెలుగు మీడియం బడిలో చదివే మగ్గం కార్మికుల పిల్లలు సాయంత్రాలు వస్తారు. వాళ్లకిచ్చే వర్క్‌షీట్లకు నెలకు 250 పేజీల దాకా ప్రింట్లు కావాలి. వీధి చివరి జిరాక్స్ షాపులో పేజీకి 5 రూపాయలు. పైగా అక్కడ తెలుగు ఫైలు తెరిస్తే వత్తులు ఊడి పక్కకు పడుతున్నాయి, ఒక్కోసారి అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. చేతిలో 5,000 రూపాయలున్నాయి, సర్దుకుంటే 8,000 వరకు పెట్టవచ్చు. 4,000 లోపు కొత్త ఇంక్‌జెట్ వస్తుందని షాపువాళ్లు చెబుతున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు తన లేజర్ ప్రింటర్ తెచ్చి ఇస్తానంటున్నాడు. ఏటా వేసవిలో నెలన్నర ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్లక తప్పదు. ఏది తీసుకోవాలి?

సలహా

కొద్దికాలం ఉండే ఊళ్లో ప్రింటర్ ఖర్చును మూడు లెక్కలు కలిపి చూడాలి. కొన్న ధర, పేజీకి పడే ఇంకు, వెళ్లిపోయేటప్పుడు తిరిగి వచ్చే సొమ్ము. కొనేవాళ్ల కళ్లు మొదటి దాని మీదే ఉంటాయి. జేబు ఖాళీ చేసేది మాత్రం రెండోది.

4,000 లోపు వచ్చే ఇంక్‌జెట్‌లో చిన్న కార్ట్రిడ్జిలు ఉంటాయి. వీటిలో నల్ల కార్ట్రిడ్జి సాధారణంగా 100 నుంచి 150 పేజీలు ఇస్తుంది, ధర వెయ్యికి దగ్గరగా ఉంటుంది. అంటే పేజీకి ఆరేడు నుంచి పది రూపాయలు, జిరాక్స్ షాపు కంటే ఎక్కువ. పైగా పెట్టె మీద రాసిన పేజీల సంఖ్య ప్రామాణిక పరీక్షలో తేలినది, ఆ పరీక్ష పేజీల్లో అచ్చు పలుచగా ఉంటుంది. పిల్లల కోసం పెద్ద అక్షరాలు, గళ్లు, బొమ్మలు వేసిన వర్క్‌షీటు అంతకంటే చాలా ఎక్కువ ఇంకు తాగుతుంది. నెలకు 250 పేజీలు కావలసిన ఇంట్లో ఈ ప్రింటర్ మూడు నెలలు తిరక్కుండానే తన ధరను మించిన ఇంకు ఖర్చు పెట్టిస్తుంది. దీన్ని కొనకూడదు.

ఇంకు ట్యాంకు ప్రింటర్ సంగతి వేరు. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో కార్ట్రిడ్జి బదులు సీసాతో ఇంకు పోసుకోవచ్చు. కొన్ని వందల రూపాయల నల్ల ఇంకు సీసా వేల పేజీలు ఇస్తుంది, పేజీకి పడేది పైసల్లోనే. అయితే కొత్తది సాధారణంగా 8,000 దాటుతుంది. ఈ ఇంటికి అంతకంటే పెద్ద అడ్డంకి వేసవి ప్రయాణం. ఏప్రిల్, మే ఎండల్లో నెలన్నర మూసి ఉన్న ఇంట్లో ఇంకు చిమ్మే నాజిల్స్‌లో ఇంకు గట్టిపడవచ్చు. దాన్ని వదిలించడానికి క్లీనింగ్ నడిపితే బోలెడంత ఇంకు వృథాగా లోపలి ప్యాడ్‌లోకి పోతుంది. ఏడాది పొడవునా మనిషి ఉండి, వారానికోసారైనా రంగు పేజీ తీసే ఇంటికి ఇది మంచి యంత్రం.

లేజర్‌లో ఉండేది పొడి. అందులో ఎండిపోయేదేమీ లేదు, నెలన్నర తర్వాత మీట నొక్కినా మొదటి పేజీ మామూలుగానే వస్తుంది. ఈ కుటుంబానికి తగినది ఇదే, అదీ సెకండ్ హ్యాండ్‌ది. దేశమంతటా ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నలిగిన కేనన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 రకాలు 8,000 లోపు దొరకడం కష్టం కాదు. వీటి టోనర్ (పొడి) కార్ట్రిడ్జి సుమారు 2,000 పేజీలు ఇస్తుంది, అయిపోతే రీఫిల్లింగ్ చేసేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. లోపాలూ ఉన్నాయి. రంగు రాదు, స్కానింగ్ లేదు, వైఫై లేదు, వైరుతో కంప్యూటర్‌కు తగిలించాల్సిందే. కాగితాల స్కానింగ్‌కు ఫోన్ సరిపోతుంది. ఎప్పుడో ఒక రంగు పేజీ కావాలంటే షాపులో తీయించుకోవడమే మేలు.

షాపుతో పోలిస్తే ఎంత మిగులుతుందో చూద్దాం. ఏడాదికి పది నెలలు, నెలకు 250 చొప్పున రెండేళ్లకు 5,000 పేజీలు. జిరాక్స్ షాపులో అయితే 25,000 రూపాయలు. పాత లేజర్‌కు 7,000, మూడు రీఫిల్లింగ్‌లకు సుమారు 1,000, పది రీముల కాగితానికి 3,000 వేసుకున్నా మొత్తం 11,000 దాటదు.

సూరత్‌లో కంప్యూటర్ సామానుకు మజురా గేట్ దగ్గరి ఐటీసీ భవనం పేరున్న చోటు. సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, డ్రైవర్ అక్కడే ఎక్కించి, వరసగా పాతిక పేజీలు తీసి చూడాలి. అప్పుడే బయటికొచ్చిన పేజీని బొటనవేలితో గట్టిగా రుద్దాలి. పొడి చెదిరి వేలికి అంటితే వేడి చేసే ఫ్యూజర్ పాడైనట్టు, అలాంటిది వదిలేయాలి. పేజీ పొడవునా నిలువు గీత వస్తే కార్ట్రిడ్జిలోని డ్రమ్ అనే గొట్టం గీరుకుపోయినట్టు, కార్ట్రిడ్జి మారిస్తే గీత పోతుంది, ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చు. రెండు మూడు కాగితాలు ఒకేసారి లాగితే రబ్బరు అరిగింది, అది చిన్న రిపేరు. బిల్లు, కనీసం నెల రోజుల వారంటీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

అమెరికా నుంచి లేజర్ తెప్పించుకోవడం వద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఇంక్‌జెట్లు చాలావరకు రెండింటికీ పనిచేస్తాయి గానీ, లేజర్‌లోని ఫ్యూజర్‌ను సాధారణంగా ఒకే వోల్టేజికి తయారు చేస్తారు. ఇక్కడి ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. తట్టుకోవాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, దాని ధర ప్రింటర్‌ను మించవచ్చు. అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. ఇక్కడ కొన్న లేజర్‌నైనా ఇంటి ఇన్వర్టర్ మీద నడపకూడదు, వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటు చాలా ఎక్కువ.

లింబాయత్ లాంటి చోట ప్రింటర్‌కు మగ్గాల నూలు ధూళి పెద్ద శత్రువు. గాలిలో తేలే పీచు రబ్బరు రోలర్‌కు పట్టి కాగితం జారిపోతుంది. కిటికీకి దూరంగా పెట్టి, పని కాగానే గుడ్డ కప్పి, నెలకోసారి తడి గుడ్డతో రోలర్ తుడిస్తే చాలు. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి వంకర తిరిగి ఇరుక్కుంటుంది. ఆ పూటకు కావలసినవే ట్రేలో పెట్టి, మిగతా రీమును ప్లాస్టిక్ కవరులో బిగించి ఉంచాలి.

తెలుగు అక్షరాలు చెడడం ప్రింటర్ తప్పు కాదు. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో ఉన్నది కూడా తెలుగు ఫాంట్ లేని చోట డబ్బాలవుతుంది, పాత సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతాయి. వర్డ్ ఫైలు ఇవ్వకుండా, ఇంట్లోనే పీడీఎఫ్‌గా మార్చి ఇస్తే అక్షరాలు దానితోపాటే వెళ్తాయి. ప్రింటర్ కొనేలోపు ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. అక్షరాల మీద ఇంత పట్టింపు పిల్లల కోసమే. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతోంది. ఆ తెలుగు బడుల పిల్లలకు బడి బయట, వీధి బోర్డు మీద కూడా, తెలుగు అచ్చు కనబడేది తక్కువ. వాళ్ల చేతికిచ్చే కాగితం మీద వత్తు ఉండాల్సిన చోటే ఉండాలి.

రెండేళ్ల తర్వాత యంత్రం బాగుంటే అదే బజారులో అమ్మేయవచ్చు, లేదా వెంట తీసుకెళ్లవచ్చు. ఐదారు కిలోల బరువే కాబట్టి సూరత్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద పట్టిపోతుంది. అయితే ముందు కార్ట్రిడ్జి బయటికి తీసి, డ్రమ్‌కు వెలుతురు తగలకుండా నల్ల కవరులో చుట్టాలి. పూర్తిగా పాడైపోతే మాత్రం తుక్కు బండికి వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లింగ్ సంస్థకు, లేదా తయారీ కంపెనీ సేకరణ కేంద్రానికి అప్పగించాలి.