కాయకధనము – వారసత్వము
(బొగ్గుగని కుటుంబములకు ఒక పాఠము)

శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ పెద్దలందరు ఎరిగినదే. కల్యాణపురమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన దినవెచ్చమునకు వలసినదానికంటె ఎక్కువ గింజలు తెచ్చెను. లక్కమ్మ మూటను చూచినంతనే అది అధికమని గుర్తించి, మిగులును మరల అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆశ కూడదను నీతికై ఈ కథను చెప్పుట పరిపాటి. ఇందు మరియొక నీతియు కలదు. ఇంటికి వచ్చు కాయకఫలము ఎంతయో, అందు తమకెంత చెందవలెనో లక్కమ్మకు తెలియును. భర్త ఆర్జన లెక్క ఆమెకు కంఠోపాఠము.

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో ముప్పదియేండ్లు బాయిలో మస్టరు పడిన కార్మికుని ఇంట ఈ లెక్క తెలిసిన ఇల్లాండ్రు ఎందరు? భవిష్యనిధి ఖాతా సంఖ్య ఏది, ఆ కాగితములలో ఎవరి పేరు వ్రాయబడినది, ఇంటిస్థలపు దస్తావేజు ఎచ్చటనున్నది అని అడిగినచో, "ఆయనకే తెలుసు" అను సమాధానమే తరచుగా వినవచ్చును. ఆయన ఉన్నంతకాలము ఆ సమాధానము చాలును. ఆయన కన్నుమూసిన పదునొకండవ దినమున అది చాలదు. కాయకముచే వచ్చిన ధనము చెందవలసినవారికి కలహము లేక చెందుటకు గృహస్థుడు జీవించియుండగనే ఏమి చేయవలెనో తెలుపుటయే ఈ పాఠమునకు ఉద్దేశము.

దిగిపోవునాడు చేతికి వచ్చునవి

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేర ఏర్పడినది. నేడు అందు రాష్ట్ర ప్రభుత్వమునకు 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతుల వాటా కలదు. కార్మికుల పదవీవిరమణ వయస్సు 2021లో అరువదినుండి అరువదియొక్క సంవత్సరములకు పెంచబడినది. దిగిపోవు కార్మికునికి ముఖ్యముగ మూడు విధముల ధనము వచ్చును.

మొదటిది భవిష్యనిధి. ఇది 1948 నాటి బొగ్గుగనుల భవిష్యనిధి చట్టముననుసరించి కార్మికుని జీతమునుండియు, కంపెనీనుండియు జమయైన మొత్తము.

రెండవది గ్రాట్యుటీ. 1972 నాటి చట్టముచే వచ్చిన ఈ హక్కు 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతిలో అంతర్భాగమైనది. లెక్క మాత్రము పూర్వమువలెనే యున్నది. చివరి నెల మూలవేతనము, కరువుభత్యము కలిపి ఇరువదియారుచే భాగించి, పదునైదుచే హెచ్చించి, సేవాసంవత్సరములచే మరల హెచ్చింపవలెను. అరువదివేల రూపాయల వేతనముతో ముప్పదియేండ్లు పనిచేసినవారికి ఇది సుమారు 10,38,461 రూపాయలగును.

మూడవది పింఛను. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకము ప్రకారము నిండుసేవ చేసినవానికి సగటు వేతనములో నాలుగవ వంతు నెలనెల వచ్చును. ధరలతోపాటు పెరుగు కరువుభత్యము దీనికి లేదు. నేడు చాలినట్లు తోచు పింఛను పదునైదేండ్ల తరువాత మందులకైనను చాలకపోవచ్చును. కావున భవిష్యనిధి, గ్రాట్యుటీ మొత్తములు ఒక్క పెండ్లికో, ఒక్క కుమారుని వ్యాపారమునకో పూర్తిగా ధారపోయుట క్షేమము కాదు. వృద్ధదంపతుల గ్రాసమునకు కొంత విడదీసి, మిగిలినదానినే పంచవలెను.

కంపెనీ క్వార్టరు కార్మికుని ఆస్తి కాదు. పదవీవిరమణానంతరము ఖాళీ చేయవలసినదే. ఇరువదియేండ్లు కాపురమున్న గోడలను చూచి అది తమదని భ్రమించిన కుటుంబములు దిగిపోవునాటికి నిలువనీడకై వెదకుకొనవలసి వచ్చును.

నామినీ వేరు, వారసుడు వేరు

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక యువకుడు బ్రహ్మచారిగా ఉద్యోగమున చేరి, కాగితములలో తల్లి పేరు వ్రాయించెననుకొందము. పిదప వివాహమైనది, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగిరి. కాగితములను మార్పించు తలంపు ఆయనకు రాలేదు. ఇరువదియైదేండ్లకు ఆయన మరణించెను. ధనమెవరిది? తల్లి "నా పేరున్నది" అనును. భార్య "నేను కట్టుకొన్నదానను" అనును. ఒకే ఇంట అత్తాకోడండ్రు రెండు కక్షలగుదురు.

నామినీ యనగా ధనమును అందుకొనుటకు పేర్కొనబడిన వ్యక్తి. అందుకొన్న ధనమును వారసులకు చేర్చవలసిన బాధ్యత ఆ వ్యక్తిపై ఉండును. జీవితబీమా విషయమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును 1983 డిసెంబరులోనే చెప్పినది. పెండ్లికి ముందు తల్లిని నామినీగా వ్రాసి, పిదప మరణించిన ఒక ఉద్యోగి విషయమున 2009లో అదే న్యాయస్థానము, నామినీ అయినంతమాత్రమున ధనమంతయు తల్లిది కాదనియు, వారసత్వ చట్టము ప్రకారము భార్యకును వాటా కలదనియు తీర్పు చెప్పినది. గ్రాట్యుటీ నియమము ఇంకను స్పష్టము. కుటుంబము లేనప్పుడు వ్రాసిన నామినేషను, కుటుంబము ఏర్పడినంతనే చెల్లకుండపోవును, క్రొత్తది వ్రాయవలెను.

ఒక్క భేదము గుర్తుంచుకొనవలెను. బీమా చట్టమునకు 2015లో వచ్చిన సవరణ ప్రకారము, పాలసీదారు తన తల్లిదండ్రులనుగాని, భార్యనుగాని, బిడ్డలనుగాని నామినీగా వ్రాసినచో ఆ ధనము సాధారణముగ వారికే స్వంతమగును. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుండి నలుగురి వరకు నామినీలను వ్రాయవచ్చును. ఇట్లు ఒక్కొక్క కాగితమునకు ఒక్కొక్క నియమము కలదు గావున అన్నిటను ఒకే పేరు వ్రాసి ఊరకుండుట తగదు.

కుటుంబ పింఛను విషయమున తొలి హక్కు జీవిత భాగస్వామిది. అయితే వివాహము, బిడ్డల జననములు సేవాపుస్తకమున ఎక్కియుండవలెను. గని ప్రాంతమున దీనికి తోడు మారుపేర్ల చిక్కొకటి కలదు. ఒకప్పుడు ఒకరి పేర మరొకరు పనిలో చేరి, అదే పేరుతో సేవ గడపినవారు కలరు. కంపెనీ కాగితములలో ఒక పేరు, ఆధారులో ఒక పేరు, ఊరిలోని భూమి పాసుపుస్తకమున మరొక పేరు ఉన్నచో, ఈ ముగ్గురును ఒక్కరేయని విధవరాలు రుజువు చేయవలసియుండును. కార్మికుడు జీవించియుండగా ఆయన నోటిమాటయు, సహోద్యోగుల సాక్ష్యమును సులభముగ లభించును. పోయిన తరువాత అదే పని ఏండ్లతరబడి సాగును.

వీరశైవులకు ఏ చట్టము?

ఈ ప్రశ్న మన కుటుంబములలో తరచు వినవచ్చును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన రెండవ సెక్షనులోనే వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి చేర్చుకొన్నది. కావున సందేహమునకు తావులేదు.

వీలునామా వ్రాయక మరణించిన పురుషుని స్వార్జితము మొదటి తరగతి వారసులకు పోవును. భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి ఒక్కొక్కరికి ఒక్కొక్క సమభాగము. పై ఉదాహరణమున ఆయనకు ఇరువదిలక్షల విలువగల ఇల్లు ఉన్నదనుకొందము. తల్లి, భార్య, ఇద్దరు కుమారులు, కుమార్తె కలిసి ఐదుగురు. ఒక్కొక్కరికి నాలుగు లక్షలు. తండ్రి జీవించియున్నను ఈ తరగతిలో లేడు. కుమారుడు ముందే మరణించియున్నచో, అతని భార్యాబిడ్డలు కలిసి అతని భాగమును పొందుదురు.

"కుమార్తెకు పెండ్లిలో ఇచ్చితిమి గదా" అను మాట చట్టము ముందు నిలువదు. పిత్రార్జితమున సైతము ఆమెకు హక్కు కలదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహిత కుమార్తెలకు పుట్టుకతోనే వాటా ఇచ్చినది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ హక్కును దేశమంతటికి, వివాహితలకును విస్తరింపజేసినది. ఆనాటికి తండ్రి జీవించియుండకపోయినను కుమార్తె హక్కు చెల్లునని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్థిరపరచినది. స్త్రీపురుష భేదము లేదని చాటిన అనుభవమంటపమును స్మరించువారు తమ ఇంటి పంపకములో ఆ భేదమును పాటించుట పొసగదు.

ఉద్యోగము ఆస్తి కాదు

గని ప్రాంతమున అన్నిటికంటె ఎక్కువ కలహమునకు కారణమగునది కారుణ్య నియామకము. సేవలో మరణించిన, లేక వైద్యకారణములచే అనర్హుడైన కార్మికుని ఆశ్రితులలో ఒక్కరికే అది దక్కును. ఉద్యోగము తండ్రి ఆస్తివలె సంక్రమించునది కాదనియు, ఆకస్మికముగ ఆధారము కోల్పోయిన కుటుంబమును నిలుపుటకే ఈ నియామకమనియు సుప్రీంకోర్టు 1994లో చెప్పినది. వారసత్వ ఉద్యోగముల పేర సింగరేణిలో తలపెట్టిన పథకమును ఉన్నత న్యాయస్థానము 2017లో కొట్టివేయుటకును ఈ భావమే మూలము.

ఇందు ఇమిడియున్న ధర్మమును గ్రహింపవలెను. ఉద్యోగము పొందిన కుమారుడు కుటుంబమంతటి పక్షమున దానిని పొందినవాడు. తల్లి పోషణ, తమ్ముల చదువు, చెల్లెలి బాగోగులు అతనిపై ఉన్నవి. మిగిలినవారు సమ్మతిపత్రముపై సంతకము చేయునపుడే, అతడు తల్లికి నెలనెల ఎంత ఇచ్చునో కాగితముపై వ్రాసికొనుట మేలు. ఉద్యోగమునకు బదులుగా భార్య నెలసరి ధనపరిహారము కోరుటకు బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందములు వీలు కల్పించినవి. ఆమెకు ఆ సంగతి తెలిపిన పిమ్మటనే సంతకము తీసికొనవలెను.

వీలునామా

వీలునామా అనినంతనే కొందరు అమంగళమని ముఖము త్రిప్పుకొందురు. లింగైక్యము శరణునికి అమంగళము కాదు. అప్పుడు మిగిలిన బిడ్డలు కొట్లాడుకొనుటయే అమంగళము.

దీనికి స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్లకాగితముపై వ్రాసి, వ్రాసినవాడు సంతకముగాని వేలిముద్రగాని వేయవలెను. ఇద్దరు సాక్షులు ఆయన సంతకమును చూచి, ఆయన ఎదుట తామును సంతకము చేయవలెను. లాభము పొందువారిని సాక్షులుగా పెట్టకుండుట మంచిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదుగాని, చేయించినచో వివాదములు తగ్గును. జీవించియున్నంతకాలము దానిని మార్చవచ్చును, రద్దు చేయవచ్చును. స్వార్జితమును, సమష్టి ఆస్తిలో తన వాటాను మాత్రమే వ్రాయగలడు. ఇతరుల వాటాను వ్రాసినచో చెల్లదు. మఠమునకు, దాసోహమునకు కొంత చెందవలెనని కోరువారు అందు స్పష్టముగ వ్రాయవలెను. మరణశయ్యపై నోటితో చెప్పిన మాట బిడ్డలకును, మఠమునకును నడుమ వైరమునకే దారితీయును.

బ్రతికియుండగనే ఇచ్చువారు

వీలునామా మరణానంతరము అమలగును. దానపత్రము వెంటనే అమలగును. ఇల్లు కుమారుని పేర దానముగ రిజిస్టరు చేసిన మరునాడు తండ్రి ఆ ఇంటికి యజమాని కాడు. పేరు మారినంతవరకు ఆదరించి, పిదప వరండాలో మంచము వేసిన బిడ్డలు ఏ ఊర లేరు?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 23వ సెక్షను ఇందుకు ఒక రక్షణ ఇచ్చినది. పోషింపవలెనను నిబంధనతో ఆస్తి తీసికొని పోషింపనిచో, ఆ దానమును ట్రిబ్యునలు రద్దు చేయగలదు. ఆ నిబంధన ఉండి తీరవలెనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. వృద్ధుల మేలుకై వచ్చిన చట్టమును ఉదారముగ అన్వయింపవలెనని, ఒక తల్లి కేసులో 2025 జనవరిలో చెప్పినది. కావున దానపత్రము వ్రాయించువారు "మా ఇరువురి జీవితాంతము పోషణ, నివాసము, వైద్యము చూడవలెను, తప్పినచో ఈ దానము రద్దగును" అను వాక్యమును తప్పక చేర్పింపవలెను. ఈ ట్రిబ్యునలుకు రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షుడు. న్యాయవాదికి రుసుము చెల్లించుకొనలేమని వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయసహాయము పొందు అర్హత కలదు.

ఈ మాసమున చేయవలసినవి

1. భవిష్యనిధి, గ్రాట్యుటీ, పింఛను, బీమా, బ్యాంకు కాగితములలో నామినీ పేర్లను సరిచూచుకొనవలెను. వివాహము, జననము, మరణము సంభవించిన ప్రతిసారి మరల చూడవలెను.

2. సేవాపుస్తకము, ఆధారు, భూమి పత్రములలో పేరు, పుట్టినతేది ఒక్కతీరుగ ఉన్నవో లేవో చూచి, భేదమున్నచో సేవలో ఉండగనే సవరింపజేసికొనవలెను.

3. ఆస్తులు, అప్పులు రెండును ఒక పుస్తకమున వ్రాయవలెను. చేబదులు తెచ్చినదియు, ఇచ్చినదియు అందుండవలెను.

4. వీలునామా వ్రాసి, అదెక్కడ ఉన్నదో ఇద్దరు నమ్మకస్థులకు తెలుపవలెను.

5. ఒక సోమవారము సాయంకాలము లింగపూజానంతరము భార్యను, కుమారులను, కుమార్తెలను, వీలైనచో కోడండ్రను కూర్చుండబెట్టి ఆ పుస్తకమును చదివి వినిపింపవలెను.

ఈ ఐదవది అన్నిటికంటె కష్టమైనది. డబ్బు మాట ఆడువారికెందుకను అలవాటు మనలో పాతుకొనియున్నది. కాని బాయి దిగిన భర్త క్షేమముగ పైకి రావలెనని ముప్పదియేండ్లు ప్రతి షిఫ్టునకు ఎదురుచూచినది ఆ ఇల్లాలే. ఆ కాయకమున ఆమె పాలు కలదు. మారయ్య తెచ్చిన మూటను లక్కమ్మ విప్పి చూచినట్లు, ఈ పుస్తకమును విప్పి చూచు హక్కు ఆమెది. అడుగకముందే దానిని ఆమె చేతికిచ్చుట గృహస్థుని ధర్మము.

శరణు శరణార్థి.