కారు అద్దెకిచ్చే ముందు

మాధవరం

చి.సౌ. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అల్లుడు తొమ్మిది నెలలు సైన్యం డ్యూటీ మీద వెళ్తున్నాడని రాశావు, ఎక్కడికో రాయలేదు. మంచి పని చేశావమ్మా. మీ కారుని టూరో అనే అద్దె యాప్‌లో పెట్టి అద్దెకిస్తానన్న మాటే రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు.

తప్పని అనను. ఇక్కడి సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈలో బండ్ల మధ్యే బతికినవాణ్ణి. కదలని బండికి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు పాడవుతాయి, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. మీరుండే ఫోర్ట్ హుడ్ క్యాంపుకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకీ, వాళ్ళని చూడ్డానికొచ్చే అమ్మానాన్నలకీ బండి అవసరమే.

కానీ అద్దెకు తిరిగినంతసేపూ మీ సొంత ఇన్సూరెన్సు మామూలుగా పనిచెయ్యదు. కంపెనీకి తెలిస్తే పాలసీయే రద్దు చెయ్యొచ్చు. టూరో ప్లాన్‌లో ఎదుటివాళ్ళ నష్టానికి 7,50,000 డాలర్ల దాకా ఉంది, సరే. మీ కారుకి తగిలిన దెబ్బకి మీరెంత పెట్టుకోవాలో మాత్రం మీరు తీసుకున్న ప్లాన్‌ని బట్టే. అప్పు కాగితంలో అద్దెకివ్వకూడదన్న షరతుందేమో చూడు.

వీటన్నిటికంటే నా భయం వేరు. యాప్‌లో కారు గురించి రాసేటప్పుడు ‘మా ఆయన ఊళ్ళో లేరు, ఫలానా నెలలో వస్తారు’ అని ఒక్క ముక్క కూడా రాయకు. నావిగేషన్‌లో ‘హోమ్’ అని ఉన్న అడ్రసు తీసెయ్యి. బ్లూటూత్‌లో ఫోన్ నంబర్లు తుడిచెయ్యి. డ్యాష్‌బోర్డులో మీ సొంత కాగితాలు, గ్యారేజీ రిమోటు, అద్దానికి తగిలించిన యూనిట్ గుర్తు, అన్నీ ఇంట్లో పెట్టు. తాళాలు ఇంటి దగ్గర ఇవ్వకు, జనం తిరిగే చోట పట్టపగలు ఇవ్వు. 1971 యుద్ధంలో నేనెక్కడున్నానో మీ నాయనమ్మకే తెలీదు, 56 ఏపీఓ అన్న ఆర్మీ పోస్టాఫీసు చిరునామా తప్ప. ఎవరడిగినా ‘మావాడు పనిలో ఉన్నాడు’ అనేది, అంతే. ఆ చిరునామాకే సున్నుండలు పంపింది. వచ్చేసరికి పొడైపోతే మగ్గులో పోసుకుని స్పూన్లతో తిన్నాం. పక్క బ్యారక్ వాళ్ళకీ పెట్టాను. ఆ నేతి వాసన ఇప్పటికీ గుర్తే.

నువ్వు రాత్రిళ్ళు వంట మానేసి బ్రెడ్డు తింటున్నావట, మీ అమ్మ చెప్పింది. పప్పన్నమైనా వండుకో తల్లీ.

కారు అల్లుడి పేరునుంటే, వెళ్ళేలోపే నీకు పవర్ ఆఫ్ అటార్నీ రాయించు. లేకపోతే రేపు గుద్దుకుంటే నీ సంతకం చెల్లదు. క్యాంపులో లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంటుంది, ఆ పని ఊరికే చేసిపెడతారు. మీరుండేది క్వార్టర్స్‌లో కాబట్టి ఇలాంటి వ్యాపారానికి పైవాళ్ళ అనుమతి కావాలేమో కూడా అక్కడే అడుగు.

కారు షెడ్డులో పెట్టేస్తే ప్రీమియం తగ్గించే కంపెనీలూ ఉన్నాయి. ముందు ఆ లెక్క వేసి చూడు, అద్దె సంగతి తరవాత. వాయిదాకి ఇబ్బందైతే నాకు రాయి, పెన్షను వస్తోంది. మొహమాటపడకు.

అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు.

పెదనాన్న