ఆ ప్రశ్న కొట్టేయ్, నాన్నా

కిరణ్,

పేరున్న నటుడొకాయన తాను గే అని చెప్పుకున్న వార్త వచ్చిన రోజు మీ ఆఫీసులో జరిగిన మాటలన్నీ రాశావు. ‘ఎవరిష్టం వాళ్లది, మనకు చెప్పడమెందుకు?’ అని ఒకరంటే, ‘ఇన్నాళ్లూ దాచి అభిమానుల్ని మోసం చేశాడు’ అని ఇంకొకరు అన్నారట. పైగా వచ్చే వారం నువ్వు ఇంటర్వ్యూ చేయబోయే కుర్ర హీరోని ‘మీ మీద వస్తున్న ఆ పుకార్లు నిజమేనా?’ అని అడగమని ప్రశ్నల్లో చేర్చారట. ఏం చేయమంటావని అడిగావు. సినిమా పేజీ ఏళ్ల తరబడి చూసినదాన్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ‘చెప్పడమెందుకు’ అన్న మాట. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ మన హీరోల పెళ్లంటే పసుపు దంచడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఫొటోలు వేస్తాం, పెళ్లికూతురు కట్టిన పట్టుచీర ఏ ఊళ్లో నేసిందో కూడా రాస్తాం. మాకెందుకు చెప్పారని అప్పుడెవరూ అడగరు.

ఇయాన్ మెకెలెన్ సంగతి చూడు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో గాండాల్ఫ్ అంటే నీకు వెంటనే గుర్తొస్తాడు. 1988 జనవరిలో, 48 ఏళ్ల వయసులో, బీబీసీ రేడియో 3 చర్చకు వెళ్లాడు. స్వలింగ సంబంధాలను స్థానిక సంస్థలు ‘ప్రోత్సహించకూడదు’ అంటూ థాచర్ ప్రభుత్వం సెక్షన్ 28 తెస్తున్న రోజులవి. బడిలో టీచరు ఆ ఊసెత్తాలన్నా భయపడే పరిస్థితి. ఎదురుగా కూర్చున్నది ఆ చట్టాన్ని సమర్థించే పత్రికా సంపాదకుడు పెరిగ్రిన్ వర్స్‌థోర్న్. వాదన మధ్యలో, తానూ గే అని మెకెలెన్ ప్రసారంలోనే చెప్పేశాడు. ఎందుకు చెప్పాడన్నదానికి జవాబు అక్కడే ఉంది: ఎవరి గురించి చట్టం చేస్తున్నారో వాళ్లలో ఒకడు ఆ గదిలో నోరు విప్పాలి. అయినా చట్టం ఆగలేదు, మే నెలలో అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన మరికొందరితో కలిసి, ఇలాంటివారి హక్కుల కోసం స్టోన్‌వాల్ సంస్థ పెట్టాడు. స్కాట్లండ్‌లో 2000లో, ఇంగ్లండ్, వేల్స్‌లో 2003లో ఆ సెక్షన్ రద్దయింది. ఇంట్లో చెప్పినప్పుడు సవతి తల్లి కంగారు పడలేదని, ఇక అతను అబద్ధమాడక్కర్లేదని సంతోషించిందని ఆయనే చెప్పుకున్నాడు. నాకు ఆవిడంటే ఎంతో గౌరవం.

ఇక ‘మోసం’. 1985 జులైలో రాక్ హడ్సన్‌కి ఎయిడ్స్ అని ప్యారిస్‌లో ప్రకటించారు. ముప్పై ఏళ్లు తెర మీద అమ్మాయిల కలల రాకుమారుడాయన. తాను ఎవరో ఆయన బహిరంగంగా చెప్పనేలేదు, పత్రికలే చెప్పాయి. అక్టోబరులో పోయాడు. ‘డైనస్టీ’ సీరియల్లో ఆయన ముద్దుపెట్టుకున్న నటికి జబ్బు అంటుకుందేమోనని ఎక్కడ చూసినా చర్చే తప్ప, ఆ మనిషి ఎంత ఒంటరిగా బతికాడన్నది పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్నేహితురాలు ఎలిజబెత్ టేలర్ మాత్రం ఎయిడ్స్ పరిశోధనకు నిధులు పోగుచేస్తూ నిలబడింది.

ఆ రోజుల్లోనే మా వారపత్రికకి ఓ ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. పాఠకుల ఉత్తరాలు అప్పుడు నేనే చూసేదాన్ని. పంపినవారి చిరునామా ఉండాల్సిన చోట ఏమీ లేదు. చిన్న చిన్న అక్షరాలు, జిగురు అంచు దాకా. పొద్దున కాఫీ తాగుతూ, ఆ ఉత్తరం రాసినతని నాన్న పేపర్లో హడ్సన్ వార్త చదివి ‘ఇలాంటోళ్లకి ఇదే శాస్తి’ అన్నాడట, అందరూ నవ్వారట. ఇతనూ నవ్వి, గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడట. ‘జవాబు వేయకండి, మా నాన్న మీ పత్రిక చదువుతారు. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి రాశాను’ అని ముగించాడు. ఇన్నాళ్లు దాచాడంటున్నారే, దాచడమంటే ఇదీ. ఆ ఇంట్లో నవ్వకపోతే దొరికిపోతాడు.

‘చెప్తే జనం ఒప్పుకోరు’ అని నిర్మాతలు అంటుంటారు. అదీ అన్నిసార్లూ నిజం కాదు. 1997లో ఎలెన్ డిజెనరస్ తానూ, సీరియల్లో తన పాత్రా లెస్బియన్లమని చెప్పినప్పుడు ఆ ఎపిసోడ్‌ని నాలుగు కోట్ల మందికి పైగా చూశారు. ముందు వెనక్కి తగ్గింది జనం కాదు, డబ్బు పెట్టేవాళ్లు. క్రైస్లర్ ప్రకటన ఇవ్వనంది, అలబామాలో ఒక స్టేషన్ అసలు ప్రసారమే చేయలేదు, మరుసటి ఏడాది సీరియల్ ఆపేశారు. మరి నీల్ పాట్రిక్ హారిస్ 2006లో చెప్పాక కూడా ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లో అమ్మాయిల వెంటపడే బార్నీగా 2014 దాకా నవ్వించాడు కదా. నువ్వూ మీ హాస్టల్ కుర్రాళ్లూ రాత్రుళ్లు కూర్చుని చూశారు.

నీ ప్రశ్నల జాబితా దగ్గరికొస్తాను. చెప్పినవాణ్ని ఎందుకు చెప్పావనడం ఎంత తప్పో, చెప్పనివాణ్ని చెప్పమని నిలదీయడం అంతకన్నా పెద్ద తప్పు. ఇది మంచివాళ్లు కూడా చేస్తారు. ‘హార్ట్‌స్టాపర్’లో నటించిన కిట్ కానర్‌కి అప్పుడు 18 ఏళ్లు. ఆ సిరీస్‌ని ప్రేమించిన అభిమానులే, నువ్వెవరో తేల్చమని వెంటపడ్డారు. 2022 అక్టోబరు చివర్లో తాను బైసెక్సువల్ అని చెప్పి, బలవంతంగా చెప్పించినందుకు నిష్ఠూరమాడాడు. అదే ఏడాది నటి రెబెల్ విల్సన్‌కి సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ కాలమిస్టు, ఆమె ప్రేమ సంగతి రాస్తానంటూ రెండు రోజుల గడువిచ్చాడు. ఆమె ముందే తన ప్రియురాలి ఫొటో పెట్టి చెప్పేసుకుంది. చివరికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది కాలమిస్టుకే.

మన దగ్గరైతే 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, స్వలింగ సంబంధాలను నేరమనే 377వ సెక్షన్ మెడ మీద కత్తే. తన సంగతి అందరికీ తెలుసనీ, ఆ మాట నోటితో అంటే జైలుకు పంపగల దేశమిదనీ కరణ్ జోహార్ 2017లో తన పుస్తకంలో రాశాడు. నేరం కాకుండా పోయింది గానీ, ఇలాంటి జంటల పెళ్లికి గుర్తింపు 2023 తీర్పులోనూ రాలేదు. ఇంటి యజమాని, నిర్మాత, మేనమామ ఎవరూ చట్టం చూసి మారరు. ఆ కుర్ర హీరో అవునన్నా కాదన్నా నువ్వు రాసే రెండు లైన్లతో వాళ్లందరి ముందూ నిలబడాల్సింది అతను. నువ్వు కాదు.

అందుకని ఆ ప్రశ్న కొట్టేయ్. రేపెప్పుడైనా ఎవరైనా తమంతట తాము నీకు చెబితే, ఏది రాయొచ్చో ఏది వద్దో వాళ్లనే అడుగు. అచ్చుకు వెళ్లేముందు చదివి వినిపించు. ఇంట్లో వాళ్లకు తెలుసా లేదా కనుక్కో, తెలియకపోతే ఆగు. ఆ తర్వాత కూడా ప్రతి ఇంటర్వ్యూలో అదొక్కటే అడగొద్దు. మెకెలెన్‌తో మాట్లాడాలంటే షేక్‌స్పియర్ గురించే ఓ పూట పడుతుంది. మీ ఎడిటర్ కోప్పడితే ప్రశ్న బదులు నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

ఆ కుర్ర హీరో కొత్త సినిమాలో శ్రీకాకుళం యాస బాగా పట్టాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడుగు.

మీ అమ్మని అడిగానని చెప్పు. సంక్రాంతికి వస్తున్నాను.

మీ పెద్దమ్మ