రెండు కొండలు: సింహాచలము, బొజ్జన్నకొండ

కూర్మన్నపాలెము ఉక్కు కర్మాగారమునకు ముఖద్వారమని అందరు నెరుగుదురు. కాని యీ పారిశ్రామిక ప్రాంతమునకు చేరువనే, వేయేండ్ల చరిత్ర గల రెండు కొండలు కలవు. ఉత్తర దిక్కున సింహాచలము, పడమటగా అనకాపల్లి దాపున శంకరము గ్రామమున బొజ్జన్నకొండ. రెండింటిని చూచినవారికి ఒక ముఖ్యవిషయము బోధపడును.

సింహాచల క్షేత్రమున 11వ శతాబ్ది చివరినాటి శాసనము కలదు. 13వ శతాబ్దిలో తూర్పు గాంగరాజగు మొదటి నరసింహదేవుని కాలమున ఆలయము పునర్నిర్మితమైనది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భమున స్వామిని దర్శించి ఆభరణములు సమర్పించెను. ఏటేట వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూప దర్శనమునకు వేలాది జనులు వత్తురు. రాజ్యములు మారినను పూజ నేటికిని సాగుచున్నది. కనుకనే యీ కట్టడము నిలిచినది.

బొజ్జన్నకొండ గతి వేరు. ఇచ్చట క్రీ.శ. 4 నుండి 9 వరకు గల శతాబ్దులలో బౌద్ధభిక్షువులు నివసించిరి. వారి 'సంఘారామము' అను మాటయే శంకరముగా మారినదని చెప్పుదురు. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. ఇచ్చటి స్తూపములలో పెక్కు వేరొకచోటినుండి రాతిని తెచ్చి కట్టినవి కావు. ఉన్న కొండనే తొలిచి మలచినవి. ప్రధాన గుహలో 16 స్తంభముల నడుమ ఏకశిలాస్తూపము నిలిచియున్నది. లింగాలకొండపై చిన్న చిన్న స్తూపములు వరుసలు తీరియున్నవి. గత శతాబ్ది తొలి దశకమున అలెగ్జాండర్ రీ జరిపిన త్రవ్వకములలో సముద్రగుప్తుని బంగారు నాణెము లభించినది.

భిక్షువులు వెడలిపోవగా ఆ రాళ్ల యర్థము జనులు మరచిరి. కనుమనాడు కొండవద్ద జరుగు తీర్థమున, బొజ్జవలె నున్న యొక రాతిని రాక్షసుడని తలచి రాళ్లు రువ్వు ఆచారము చిరకాలము సాగినది. అది ద్వేషముచే జరిగినది కాదు, తెలియమిచే జరిగినది. పురాతత్త్వ శాఖవారును, వారసత్వ పరిరక్షకులును నచ్చజెప్పుటచే ఆ యాచారము తగ్గిపోయినది.

పూజ లందుకొను గుడిని భక్తి కాపాడును; పూజ లేని కట్టడమును తెలివిడి యొక్కటియే కాపాడగలదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము ప్రకారము వానికి హాని చేయుట శిక్షార్హము. అయినను ప్రతి రాతికడ కావలివాని నుంచుట సాధ్యము కాదు. ఆ కావలి చుట్టుప్రక్కల గ్రామములవారే.

కావున సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని యీ కొండలను చూడుడు. ఉదయమున బయలుదేరినచో ఎండ ముదురకముందే బొజ్జన్నకొండ మెట్లెక్కవచ్చును. గోడలపై పేర్లు గీయకుడు, శిల్పముల నెక్కకుడు, ఇటుక ముక్కయైనను ఇంటికి తేకుడు. తిరిగి వచ్చిన పిదప, ఆ కొండపై నెవరుండిరో, ఏమి చేసిరో పదిమందికి తెలియజెప్పుడు.